కఠినజలం మేడమ్

మా బడి కెమిస్ట్రీ మేడమ్‌కి పిల్లలు పెట్టుకున్న పేరు కఠినజలం. సబ్బు ఎంత అరగదీసినా నురగ రాని నీళ్ళన్నమాట. ఎంత నవ్వించినా ఆవిడ నవ్వదని అలా పెట్టారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "పోనీలెండి, ఆ పాఠం ఒక్కటైనా బుర్రకెక్కింది," అంది నాతో. నేను ఫిజిక్స్ చెబుతాను. ఇద్దరికీ ఒకటే ల్యాబ్. ఆవిడ కూతురు కూడా మా దగ్గరే పదో తరగతి. గేటు దాటి లోపలికొస్తే అమ్మ లేదు, మేడమే. అది ఆవిడ పెట్టిన నియమం.

ఆమధ్య గుండెపోటుతో భర్త పోతే ఆవిడ కంట చుక్క రాలలేదు. సెలవు పూర్తికాగానే వచ్చి బీకర్లు కడుక్కుంది. స్టాఫ్ రూమ్‌లో గుసగుసలు బయల్దేరాయి. నాకు ఒళ్ళు మండింది. ఏడుపేమన్నా హాజరుపట్టీలో వేసుకునేదా? కానీ ఒకరోజు ఆవిడే అడిగింది.

"నాకేమీ అనిపించట్లేదండీ. బాధ కూడా లేదు. ఇదేమన్నా జబ్బంటారా?"



కూతురికి మాత్రం తల్లిది రాతిగుండె అనిపించింది. ఇంట్లో కూడా మేడమ్ అనడం మొదలుపెట్టింది. పరీక్షలవగానే అత్త వాళ్ళింటికి వెళ్ళిపోయి అక్కడే చదువుకుంటానందట. ఆ మాట కూడా ఆవిడ నాకు టైమ్‌టేబుల్ చెప్పినట్టే చెప్పింది.

"మరి వెళ్ళనిస్తారా?" అన్నాను.

"ఆపాలని తెలుసండీ. ఏం చెప్పి ఆపాలో తట్టట్లేదు."

ఆ రోజు పదో తరగతికి నీటి పరీక్ష. పిల్లలంతా ఇళ్ళల్లో తాగే నీళ్ళు సీసాల్లో తెచ్చారు. వాటిని పరీక్షనాళికల్లో పోసి, కాస్త ఆమ్లం కలిపి, పర్మాంగనేటు చుక్కలు వెయ్యాలి. గులాబీ రంగు నిలిస్తే సరే, వెలిసిపోతే నీళ్ళలో మురికి ఉన్నట్టు. నేను పక్క బల్ల దగ్గర లెన్సులు తుడుచుకుంటూ చూస్తున్నాను. అందరి నాళికల్లోనూ రంగు నిలిచింది. కూతురిది మాత్రం చూస్తుండగానే వెలిసిపోయింది.

"మేడమ్ గారింటి నీళ్ళేరా!" అని వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

ఆవిడ నాళికను వెలుతురుకి పట్టి చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. ఫిల్టర్‌లో క్యాండిల్ కడక్కపోతే దానిమీద జిగురు పేరుకుంటుందని, బ్రష్షుతో రుద్ది, నీళ్ళలో మరిగించి మళ్ళీ పెట్టాలని పాఠంలో భాగంగానే చెప్పింది. నాళికను స్టాండులో పెడుతూ, అదే గొంతుతో కూతురివైపు తిరిగింది.

"క్యాండిల్ కడిగినట్టు లేదు. ఇంటికెళ్ళగానే నాన్నకి గుర్తుచెయ్యి."

తరగతంతా ఒక్కసారిగా నోరు మూసుకుంది. ఎందుకో ఆవిడకి తెలియలేదు. చుక్కల సీసాకి మూత బిగించి ఇంకో నాళిక అందుకుంది. ఈవిడకి బాధ లేక కాదు, మొగుడు పోయిన కబురే ఇంకా ఈవిడ దాకా రాలేదు.

కూతురు బల్ల అంచు పట్టుకుని తల్లినే చూస్తోంది. దాని కళ్ళు నిండిపోయాయి.

"అలాగేనమ్మా," అంది. "చెప్తాను."

"బళ్ళో మేడమ్ అనాలి," అంది ఆవిడ, అలవాటు కొద్దీ.

"సరేనమ్మా," అని కూతురు దగ్గరికొచ్చి, ఆవిడ చేతిలోని నాళికను మెల్లగా తీసుకుంది.