పాత యంత్రానికి కొత్త చీటీ

మా ఆఫీసులో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ‘ఏంటిదక్కే’. కోడ్‌లో ఎవరు ఏ కొత్త పేరు పెట్టినా, తెర మీద వేలు పెట్టి, “ఏంటిది? అంకెనా, మాటా?” అని అడగందే వదలదు. కంటి ఆసుపత్రికి ప్రోగ్రాములు రాసే మేమంతా ఒకే గదిలో కూర్చుంటాం. నా కుర్చీ ఆవిడ పక్కనే. మొదట్లో నాకు ఒళ్ళు మండేది.

ఆసుపత్రిలో కంటి లోపలి పొరను ఫొటో తీసే యంత్రం ఒకటుంది. ఊరంతటికీ అదొక్కటే. దాని కంప్యూటర్‌లో ఉన్నది, మేం ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషకు పాత వెర్షన్. మార్చబోతే యంత్రం మొరాయిస్తుంది. పోయిన నెల ఒకరి ఎడమ కంటి ఫొటోను అది కుడి కన్నుగా చూపించింది. డాక్టరు కనిపెట్టారు కాబట్టి సరిపోయింది. మా మేనేజరు హడలిపోయి, దాన్ని మూలన పడేసి పేషెంట్లను పెద్ద ఊరికి పంపుదామన్నాడు.

ఏంటిదక్క ముఖం పాలిపోయింది. వాళ్ళ అత్తగారికి కుడి కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన ఎడమ కంటికి ఇంజెక్షన్లు వేస్తున్నారు, ప్రతిసారీ ముందు ఆ ఫొటో ఉండాలి. “అంత దూరం నావల్ల కాదు, కనిపించినన్నాళ్ళు చూస్తాను” అని పెద్దావిడ ఇదివరకే తేల్చేసింది.

“వారం టైమివ్వండి సార్,” అంది అక్క.

కోడ్‌లో ఒక్కో పేరు పక్కన, అందులో ఏముండాలో చెప్పే చీటీ రాస్తాం. టైప్ హింట్ అంటారు. ‘కన్ను’ అన్న పేరు పక్కన ‘ఇక్కడ మాట ఉంటుంది’ అన్న చీటీయే ఉండేది. ఏ మాటైనా చెల్లిపోతుంది. కొత్త వెర్షన్‌లో ఇంకా గట్టి చీటీ ఉంది: ఎడమ, కుడి, ఈ రెండు మాటలే రావాలి. మూడోది వస్తే మా కంప్యూటర్లలోని తనిఖీ ప్రోగ్రాము ముందే పట్టేస్తుంది. పాత వెర్షన్‌కు మాత్రం ఆ చీటీ పేరే తెలియదు. చూడగానే మొదటి లైనులోనే చతికిలబడుతుంది.

“మరెలా అక్కా?” అన్నాను.

“దానికి అర్థం కావాలా ఏంటి? బెదరకపోతే చాలు. మా అత్తయ్య చూడు, పిల్లలు ఫోన్ గురించి ఏం చెప్పినా ‘ఊఁ’ అంటుంది. తనిఖీ ఇక్కడ మనం చేసుకుంటాం. అక్కడ అది ‘ఊఁ’ అంటే చాలు.”

అన్నట్టే, ఆ చీటీ పేరును పాత వెర్షన్‌కు పరిచయం చేసే చిన్న ఫైలు రాసింది. యంత్రం కిక్కురుమనకుండా నడిచింది. మా దగ్గర తనిఖీలో మాత్రం ఒక ఎర్రగీత పడింది. ఫొటో రెండోసారి తీసేటప్పుడు మాత్రమే నడిచే లైను అది. కన్ను పేరు రావాల్సిన చోట ‘మళ్ళీ’ అని ఉంది. ఎడమ కానిదల్లా కుడి అనుకునే ప్రోగ్రాము దాన్ని కుడిలో కలిపేసింది.

ఎవరు రాశారా అని చూస్తే, ఏంటిదక్కే!

“ఊళ్ళో అందర్నీ అడిగాను కానీ నన్ను నేను అడగలేదు,” అని తల పట్టుకుంది. టీ తెచ్చిచ్చాను. తాగకుండానే దిద్దేసింది.

మేనేజరు రెండు కళ్ళకూ మళ్ళీ మళ్ళీ ఫొటోలు తీయించి చూసి, యంత్రం ఉండనిమ్మన్నాడు. ఆ తర్వాత అత్తగారి వంతు వచ్చినప్పుడు నేనూ వెళ్ళాను. తెర మీద ‘ఎడమ’ అని పడింది. కంటి లోపలి వాపు బాగా తగ్గిందన్నారు డాక్టరు. పెద్దావిడ యంత్రం మీది నుంచి గడ్డం తీసి, కోడలి వైపు తిరిగి కాసేపు చూసింది.

“ఏమ్మా, కళ్ళ కింద ఆ నలుపేంటి? నిద్రపోవట్లేదా?”

అక్క నవ్వబోయి ఏడ్చేసింది.