లోవమ్మ వండిన తాబేలు

అంతర్వేది పల్లిపాలెంలో చేపల గంప దించిందంటే లోవమ్మ నోటికి ఎదురు నిలిచే మనిషి లేదు. బేరానికొచ్చినవాళ్లు ఆవిడ చెప్పిన ధరకే కొని, పైగా నాలుగు తిట్లు కూడా తిని పోయేవారు. అలాంటి లోవమ్మ నోరు రెండేళ్ల క్రితం కాకినాడలో ఒక ఆసుపత్రి వరండాలో మూతబడింది.

ఒక్కగానొక్క కూతురు పావనికి పంతొమ్మిదేళ్లు. కనురెప్పలు వాలిపోవడంతో మొదలైంది. తర్వాత మెట్లెక్కలేకపోయింది, ఆపైన ముద్ద మింగలేకపోయింది. డాక్టరు గారు లోవమ్మను పక్కకు పిలిచారు.

"ఒంట్లో బలం పుట్టించే మైటోకాండ్రియా అని ఉంటాయమ్మా, చిన్న చిన్న పొయ్యిల్లాంటివి. మీ అమ్మాయివి ఆరిపోతున్నాయి. నయం చేసే మందు లేదు. ఈ రకం తల్లి నుంచే వస్తుంది."

ఆ చివరి మాట మొగుడు బుల్లియ్యకు కూడా చెప్పలేదు. తొమ్మిది నెలలు మోసి, తనే జబ్బు ఇచ్చి కన్నానని ఏ తల్లి ఏ నోటితో చెప్పుకుంటుంది? మింగేసింది.

ఈ ఏడు తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో, వాటిని పరిశీలించడానికి ఒక కాలేజీ మేడమ్ వచ్చింది. లోవమ్మ దగ్గర చేపలు కొంటూ, "తాబేళ్లు అన్నేళ్లు ఎలా బతుకుతాయో తెలుసాండీ? వాటి మైటోకాండ్రియా కూడా ఒక కారణమేమో అనుకుంటున్నాం. నిదానంగా మండే పొయ్యి, పొగ తక్కువ" అంది. ఆ పేరు వినగానే లోవమ్మ తక్కెడ కింద పెట్టేసింది. ఇంకా తేలలేదండీ అని మేడమ్ చెబుతూనే ఉంది గానీ, వినేదెవరు!

వలలో తాబేలు పడితే పసుపు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి, వల కోసైనా వదిలేయడం వాళ్ల ఆచారం. బుల్లియ్య నలభై ఏళ్లుగా అదే చేశాడు. అలాంటివాణ్ణి, ఈసారి పడినదాన్ని పిల్లకు వండి పెట్టడానికి ఇంటికి తెమ్మంది లోవమ్మ.

"మతి పోయిందేంటే నీకు? దేవుణ్ణి కోసుకు తింటామా?"

"ఆ దేవుడు నా పిల్ల రెప్పలెత్తాడా? తీసుకురా!"

మూడోనాడు తెచ్చాడు. బొట్టు పెట్టలేదు. పెరట్లో పడేసి, అటు చూడకుండా వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. లోవమ్మే కోసింది. దాని కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఒడ్డుకొస్తే వాటికి అలా కారుతాయని పుట్టినప్పటి నుంచీ తెలిసిందే, అయినా కొంగుతో ఒకసారి తుడిచింది.

మేక మాంసమని చెప్పి, పావనికి మెత్తగా పిసికి మూడు పూటలు పెట్టింది. ఇక చూడండి, తెల్లారితే చాలు, రెప్పలు లేచాయా అని గంపెడాశతో కూతురి మొహం మీదికి వంగేది. అయ్యో, ఎక్కడ లేస్తాయి! అయిదో రోజుకు గంజి కూడా దిగలేదు. అప్పుడిక దాచలేక బయటపడిపోయింది.

"నీకు పెట్టింది తాబేలే తల్లీ. దాని బలం నీకొస్తుందనుకున్నాను."

లోవమ్మ వేలితో ఆ పిల్ల రెప్ప పైకెత్తి పట్టుకుంది, తనను చూస్తుందని.

"తింటే రాదమ్మా" అంది పావని, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "కడుపులో ఉన్నప్పుడు అమ్మ ఇస్తేనే వస్తుంది."

"నీకెవరు చెప్పారే?"

"ఈ జబ్బు గురించి ఎప్పుడో ఫోన్లో చదివాను. నీకు తెలిస్తే తట్టుకోలేవని చెప్పలేదు."

లోవమ్మ ఘొల్లుమని చాప మీద కూలబడింది. వేలు జారగానే పావని రెప్ప మూతపడింది.