నా ఎదుటే మింగింది

ఇరవై ఆరేళ్ళుగా ఏఎన్ఎం ఉద్యోగం చేస్తున్నాను. సూది వేస్తే ఏడ్చే పిల్లల్నీ, పిల్ల ఏడ్చిందని నన్ను కొట్టడానికొచ్చిన తండ్రుల్నీ చూశాను. ఎవరికీ జంకిందాన్ని కాదు. నా నోరు పెద్దదని మా సబ్‌సెంటర్ కింద ఉన్న ఊళ్ళన్నిటికీ తెలుసు. అలాంటి దాన్ని, మొన్న మిరప కోతలప్పుడు ఒక్క సోమవారం నాడు పడ్డ భయం ఇప్పటికీ వదల్లేదు. 

మా వైపు సంక్రాంతి దాటితే కోతలు జోరందుకుంటాయి. ఊళ్ళో కూలీలు చాలరు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు అడవుల నుంచి కుటుంబాలకు కుటుంబాలు లారీల్లో దిగుతాయి. మిరపకాయలు ఆరబోసే కల్లం పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని రెండు నెలలు ఉంటారు. వాళ్ళ ఊళ్ళలో మలేరియా ఎక్కువ. మా చేలల్లో దోమలు ఎక్కువ. పురుగుమందు కలపడానికని మూతల్లేని డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి ఉంచుతారు మా రైతులు, ఎన్నిసార్లు తిట్టినా వినరు. వాళ్ళ జ్వరాన్ని మా దోమ ముట్టుకోకుండా చూడటం నా పని.

ఆ శుక్రవారం ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక కల్లం దగ్గర కూలీ అమ్మాయి పడిపోయిందని ఫోనొచ్చింది. మేడమ్‌ననే హోదా మర్చిపోయి ఒక రైతు బండెక్కి వెళ్ళాను. కల్లం దగ్గరికి వెళ్ళేసరికే ఘాటుకి తుమ్ములు. పట్టా కింద, గోనెసంచుల మీద ఇరవై ఏళ్ళ పిల్ల ముడుచుకుని వణుకుతోంది. పక్కనే చీర ఉయ్యాల్లో ఏడు నెలల బిడ్డ. కాపలాగా ఒక ముసలమ్మ, ఆ పిల్ల మొగుడి అవ్వ. మిగతావాళ్ళంతా చేలో ఉన్నారు. మొగుణ్ణి పిలిపించాను. నాలుగేళ్ళుగా కోతలకొస్తున్నాడు కాబట్టి తెలుగు బాగానే వచ్చు. ఆ ముఠా మొత్తానికి ఫోనున్నది కూడా అతనికే.

వేలు గుచ్చి కిట్టు మీద చుక్క వేశాను. కాసేపటికి రెండో గీత వచ్చింది. మెదడుకెక్కే రకం మలేరియా. రోజుకు రెండు పూటలా, పూటకు నాలుగు బిళ్ళల చొప్పున మూడు రోజుల మందు ఒకే అట్టలో వస్తుంది. మొదటి నాలుగూ నేనే నోట్లో వేసి నీళ్ళు తాగించాను. అట్ట ముసలమ్మ చేతికిచ్చి, ఎప్పుడెప్పుడు ఎన్ని వేయాలో మొగుడికి రెండుసార్లు చెప్పాను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. ఈ మందు ఇచ్చి వచ్చెయ్యకూడదు. మూడు రోజులూ మేమే వెళ్ళి, రోగి మింగడం కళ్ళారా చూసి, రిజిస్టర్లో ఆ రోజు గడిలో టిక్కు పెట్టాలి. గడి పైన అచ్చువేసి ఉంటుంది, నా ఎదుటే మింగింది అని. కింద నా సంతకం.

శనివారం నేను వెళ్ళలేదు. పెద్ద కారణమేమీ లేదు. ముందు రాత్రి వాన పడింది, నల్లరేగడి దారిలో చెప్పు దిగితే పైకి రాదు, నాకేమో మోకాళ్ళ నొప్పులు. సబ్‌సెంటర్లోంచే ఫోన్ చేశాను.

“ఏమయ్యా, మందు మింగిందా?”

“మింగిందమ్మా. జ్వరం తగ్గింది.”

టిక్కు పెట్టాను. ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లోనే ఉన్నాను. చర్చికి వెళ్ళొచ్చి, కోడికూర వండుకుని తిని, చెయ్యి కడుక్కుని మళ్ళీ ఫోన్ చేశాను. మింగిందమ్మా అన్నాడు. మూడో టిక్కు కూడా పెట్టేశాను. ఏ ఏఎన్ఎం పెట్టదు అలాగ? అందరం పెడతాం. అలా అనుకునే నిద్రపోయాను, హాయిగా.

సోమవారం పొద్దున్నే ఈసారి అతనే ఫోన్ చేశాడు. “అమ్మా, మనిషిని గుర్తుపట్టట్లేదు” అన్నాడు. అంతే, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వెళ్ళి చూద్దును కదా, ఒళ్ళు పెనంలా కాలుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎటో చూస్తోంది. ఏదేదో గొణుగుతోంది. బిడ్డని పక్కన పడుకోబెడితే చేత్తో తోసేసింది. తల్లి బిడ్డని తోసెయ్యడం నేను ఇన్నేళ్ళలో చూడలేదు. పీహెచ్‌సీ డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

“మందు పూర్తయిందా?” అని అడిగారు.

“అయిందండి.”

“మూడు రోజులూ మీ ఎదురుగానే మింగిందా?”

రిజిస్టరు నా సంచిలో ఉంది. అందులో నా సంతకం ఉంది. “నా ఎదుటేనండి” అన్నాను. ఆలోచించి ఆడిన అబద్ధం కాదది, నోట్లోంచి దొర్లిపోయింది.

ఆవిడ గొంతు మారిపోయింది. “అయితే మందు పనిచెయ్యలేదన్నమాట. మీకర్థమవుతోందా? మన చేతిలో ఉన్న మంచి మందు ఇదొక్కటేనండీ. దీనికి కూడా లొంగని జ్వరం ఆ అడవుల్లోంచి మనకొచ్చిందంటే ఈ ఊళ్ళ గతేంటి? పైవాళ్ళకి చెప్పాలి. ముందు 108 పిలవండి, గుంటూరు పంపుదాం. చీటీ మీద మందు పూర్తిగా మింగిందని స్పష్టంగా రాయండి.”

రాశాను. చుట్టూ చూస్తే ప్రతి డ్రమ్ము మీదా దోమలే కనబడ్డాయి నాకు. అక్కడికి కూతవేటు దూరంలో బడి ఉంది. లొంగని జ్వరం ఆ బడి పిల్లల్లోకి పాకితే నేను ఏ అట్ట పట్టుకుని వెళ్ళాలి? దేవుడా, నా ఊళ్ళకే రావాలా ఇది, అనుకున్నాను. ఏడుపొచ్చింది.

అప్పుడు ముసలమ్మ నా పక్కకొచ్చి కూర్చుని, కొంగు ముడి విప్పింది. అందులో అట్ట ముక్కలు. కత్తిరించి, ఒక్కో బిళ్ళ విడివిడిగా. ఒకటి తీసి, దీనికి వెయ్యనా అన్నట్టు ఆ పిల్ల వైపు చూపించింది. లెక్కపెట్టాను. ఎనిమిది బిళ్ళలు! ఆదివారం సాయంత్రానికల్లా ఒక్కటీ మిగలకూడదు.

“ఏంటయ్యా ఇది?” అని అతని మీద ఇంతెత్తున లేచాను. “మింగింది, మింగింది అన్నావు!”

“మింగిందమ్మా. రోజుకొకటి మింగింది.”

“పూటకు నాలుగు వెయ్యమంటే రోజుకొకటా? మిగతావి ఏమయ్యాయి?”

“ఇంకా ముగ్గురికి జ్వరం ఉందమ్మా. చేలో ఉన్నారు, కోస్తున్నారు. అవ్వ తలా ఒకటి పెట్టింది. మాకు ఏదొచ్చినా అవ్వే పంచుద్ది. బియ్యమైనా, వేటమాంసమైనా అంతే. ఒక్కళ్ళం తినం. నువ్వు మందు ఒక్కదానికే ఇచ్చావు కదా.”

“మిగతా ముగ్గురి సంగతి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదమ్మా.”

అడగలేదు. నిజమే. పడుకున్నదాన్ని చూశాను, చేలో ఉన్నవాళ్ళని చూడలేదు. ఆ ఎనిమిదీ ఎందుకు దాచిందయ్యా అంటే, ఊళ్ళో అతని తల్లికి కూడా జ్వరమట, వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళడానికట. ముసలమ్మని చెడామడా తిట్టాను. నా భాష ఆవిడకి అర్థం కాలేదు. తలూపుతూ వింది, నేను పిల్ల కోసం ఏడుస్తున్నాననుకుందో ఏమో, నా వీపు నిమిరింది.

ఇంతలో అంబులెన్స్ వచ్చేసింది. పిల్లని ఎక్కించి, అతన్నీ ముసలమ్మనీ బిడ్డనీ ఎక్కించి నేనూ ఎక్కాను. చీటీ నా చేతిలోనే ఉంది. మందు పూర్తిగా మింగలేదని ఇప్పుడు నాకు తెలుసు. కొట్టేసి వేరేది రాయొచ్చు. రాయలేదు. ఎందుకు రాయలేదో దాచుకోకుండా చెబుతాను. రాస్తే రెండు టిక్కులు దొంగ టిక్కులని తేలుతుంది. విచారణ, మెమో, పేపర్లో ఫొటో. ఇంకో ఆరేళ్ళలో రిటైర్మెంటు. ఎలాగూ అక్కడికెళ్తే ఇంజెక్షన్ చేస్తారు కదా, నా చీటీలో ఏముంటే ఏంటి, పిల్లకి నష్టమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దారి పొడుగునా ఆ పిల్ల పళ్ళు కొరుకుతూనే ఉంది, ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.

గుంటూరు ఆసుపత్రిలో వార్డు బయట అతన్నీ ముసలమ్మనీ ఆపేశారు. నన్ను లోపలికి రానిచ్చారు. ఒక కుర్ర డాక్టరు చీటీ చదివి ఆగిపోయాడు. నర్సు అప్పటికే ఇంజెక్షన్ కలుపుతోంది.

“ఆగండి సిస్టర్. మూడు రోజులు ఎదురుగా మింగించారట. ఆ మందుకే లొంగనప్పుడు అదే జాతి ఇంజెక్షన్‌ని ఏం నమ్ముతాం? పాత క్వినైన్ తెప్పించాలి. అసలు ఇది మలేరియానేనా, వెన్ను నీరు తీయాలేమో. పెద్ద సార్‌కి ఫోన్ చేస్తాను.”

ఫోన్ కలవలేదు. మళ్ళీ చేశాడు. నర్సు సిరంజి ట్రేలో పెట్టేసింది. మంచం మీద ఆ పిల్ల ఒళ్ళంతా బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఇద్దరు పట్టుకున్నా ఆగట్లేదు. నా చేతి రాతే ఆ సూదిని ఆపింది. చెబితే నేను పోతాను, చెప్పకపోతే పిల్ల పోతుంది. అంత తేలిగ్గా తేలే లెక్కకి కూడా ఎంతసేపు నోరు పెగల్లేదో తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

“మింగలేదు సార్” అన్నాను.

“ఏంటమ్మా?”

“మింగలేదు సార్. మందు నలుగురు పంచుకున్నారు. నేను చూడలేదు. శనివారం వెళ్ళలేదు, ఆదివారం వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని టిక్కులు పెట్టాను. మందు తప్పేం లేదు సార్, ఆ ఇంజెక్షన్ చేసెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

అతను నా వంక ఒక్క చూపు చూశాడు. నా కొడుకు వయసు. నర్సు వైపు తిరిగి చెయ్యి చాపాడు.

పిల్ల రెండు రోజులు తెలివి లేకుండా ఉంది. ఆ రెండు రోజులూ నేను అక్కడే, వరండాలో. ఇంటికెళ్ళాలంటే భయం, డాక్టరమ్మ ఫోనెత్తాలంటే భయం, వార్డు తలుపు తెరుచుకుంటే భయం. చివరికి ఫోనెత్తి అంతా చెప్పాను. కల్లం దగ్గర ఉన్న ఆ ముగ్గురికీ డాక్టరమ్మ స్వయంగా వెళ్ళి పరీక్షలు చేశారు. ముగ్గురికీ అదే రకం. ఎవరి అట్ట వాళ్ళకిచ్చి, పూటపూటా మనిషిని పెట్టి మింగించారు. నాతో మాత్రం, “సగం సగం మింగితేనే కదండీ ఆ క్రిమి మందుకి అలవాటు పడేది. లేని దాన్ని మనమే తయారు చేసేవాళ్ళం” అన్నారు. తిట్టినా బాగుండేది.

మూడో రోజు పొద్దున పిల్ల కళ్ళు తెరిచి బిడ్డని అడిగింది. ముసలమ్మ పరుగున తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి చూశాను, లోపలికి వెళ్ళలేదు. మెమో తర్వాత వచ్చింది. రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. రావలసిందే వచ్చింది, దాని గురించి నాకేం బాధ లేదు.

డిశ్చార్జి రోజు అతను నన్ను వెతుక్కుంటూ వరండాలోకి వచ్చాడు. చేతులు రెండూ జోడించాడు.

“నర్సమ్మ చెప్పిందమ్మా. మందు మొత్తం మింగిందని చీటీలో రాశావంట కదా. మా అవ్వ పంచిందని తెలిస్తే మా మీద కేసు పెడతారని, మమ్మల్ని కాపాడడానికి అట్టా రాశావు. దానికి నీ జీతం కోస్తారంట. మా కోసం ఇంత చేసినోళ్ళు ఎవరూ లేరమ్మా.”

వాళ్ళ తప్పు కప్పడానికి నేను అబద్ధం ఆడాననుకున్నాడు. కాదయ్యా, నేను రాకపోవడం వల్లే నీ పెళ్ళాం చావబోయింది అని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అతని వెనకాల ముసలమ్మ, ఆ వెనక బిడ్డని చంకనెత్తుకుని ఆ పిల్ల, ముగ్గురూ నన్నే చూస్తున్నారు. డాక్టరుకి చెప్పగలిగాను. పైవాళ్ళకి కాగితం మీద రాసి ఇవ్వగలిగాను. అతనికి చెప్పలేకపోయాను.

“పర్లేదులే, బస్సెళ్ళిపోద్ది, వెళ్ళండి” అన్నాను.

ముసలమ్మ వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. నేను పెట్టించుకున్నాను.