డ్యూటీకెళ్ళే మనిషికి కబురు చెప్పకూడదు

మా ఇంట్లో ఒక చట్టం ఉంది. డ్యూటీకెళ్ళే మనిషికి ఏ కబురూ చెప్పకూడదు. మంచి కబురైనా సరే. నాన్న ప్లాంటులో క్రేను నడుపుతారు. తలలో ఇంకో ఆలోచన ఊగుతుంటే కొక్కేనికున్నది జారుతుందని అమ్మ సిద్ధాంతం. టాటానగర్ పక్కన మా బిర్సానగర్‌లో, మా వీధిలో సగం ఇళ్ళలో ఇదే నడుస్తుంది. తాతయ్య పోయిన సంగతి కూడా నాన్నకు షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం తిన్నాకే తెలిసింది. తాతయ్యకు తొందరేమీ లేదు కాబట్టి సరిపోయింది.

ఆ రోజు తొందర నాది. పొద్దున్నే మెయిలొచ్చింది. దక్షిణాదిలో ఒక ల్యాబులో పరిశోధనకు వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. ముందున్నవాళ్ళెవరో మానుకున్నారట. సాయంత్రం ఐదులోగా వస్తానంటే సీటు నాది, లేదంటే నా వెనకవాళ్ళది. ఇటు చూస్తే అమ్మ తమ్ముడు, షిఫ్టుల మీద పనిచేసే మా మావయ్య, ఒక కంపెనీలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం కుదిర్చాడు. మా అమ్మాయి సోమవారం చేరుతుందని నాన్న ఆయనకు మాటిచ్చేశారు. ఆ మాట దాటాలంటే ముందు నాన్నతో చెప్పాలి. నాన్నకు బి షిఫ్టు, రెండు నుంచి రాత్రి పదిదాకా. ఒంటిగంటకు బయల్దేరతారు.

"తిరిగొచ్చాక చెప్పు," అంది అమ్మ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"ఐదు దాటిపోద్దమ్మా."

"అయితే రేపు చెప్పు."

గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి వీధి గుమ్మానికి తిరిగాను. ఫ్యాను వేశాను, ఆపాను. ఆరిన బట్టలు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాను. మెయిలు చూసిన ప్రతిసారీ అది అలాగే ఉంది.

విచిత్రం ఏమిటంటే, నేను చేరాలనుకున్న పని కూడా కబుర్లు ఆపేవాళ్ళ గురించే. కణంలో జన్యువు దగ్గర్నుంచి కబురు బయల్దేరుతుంది, ఫలానా ప్రొటీన్ తయారుచెయ్యమని. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే పొట్టి ముక్క వచ్చి ఆ కబురుకు అతుక్కుంటుంది. ఇక ఆ ప్రొటీన్ తయారవదు, అయినా కొద్దిగానే. ఆ ముక్క సొంతంగా ఏ ప్రొటీనూ చెయ్యదు. ఆపడమొక్కటే దాని ఉద్యోగం, అదీ పర్మనెంటు.

చర్మ కణంలో ఒక రకం ముక్కలు కాపలా ఉంటాయి, నువ్వు చర్మానివి, చర్మంలాగే పడి ఉండమని. ఏ కణంగానైనా మారగలిగే మూలకణంలో ఉండే ముక్కలు వేరు. మిగతా సరంజామాతో కలిపి ఈ రెండో రకాన్ని చర్మ కణాల్లోకి పంపితే, కొన్ని తమ ఉద్యోగం మర్చిపోయి మూలకణాలైపోతాయి. కొన్నే. ఎక్కువ కణాలు సోమవారం డ్యూటీలో చేరిపోయే రకం.

ఇదంతా అమ్మకు ల్యాబు ఇంటర్వ్యూ ముందే చెప్పి చూశాను.

"పెద్దదైపోయిన కణాన్ని మళ్ళీ పసిది చేత్తారమ్మా."

"పసిదైతే మళ్ళీ ఎవుడు పెంచుతాడే? నిన్ను ఒక్కసారి పెంచేసరికే నా నడుం పోయింది."

ఇంటర్వ్యూలో మాత్రం వేరే ప్రశ్న అడిగారు. ఆపడమే తెలిసిన ముక్క దారి ఎలా తెరుస్తుంది? దారికి అడ్డున్నవాటినే ఆపుతుంది కాబట్టి, అని అప్పజెప్పాను. నిజానికి అప్పటికి అది నాకు బట్టీపట్టిన వాక్యమే.

పన్నెండున్నరకు అమ్మ ఫోను మోగింది. "ఆ... ఆ... సరేలే," అని బియ్యం డబ్బా మీద దాన్ని బోర్లా పెట్టేసింది. నాన్న అన్నం తిని బూట్లు తొడుక్కుంటూ నన్ను చూశారు.

"ఏటే, పొద్దున్నుంచి కాలుకాలిన పిల్లిలా తిరుగుతన్నావు?"

నోరు తెరిచాను. నాన్న వెనక అమ్మ నిలబడి ఉంది. చేతిలో గరిటె కూడా ఉంది.

"కుఛ్ నహీ, నాన్నా."

నాన్న స్కూటరు మలుపు తిరిగేదాకా చూసి, నేను మంచం మీద కూలబడ్డాను. ఏడుద్దామనుకున్నాను గానీ, ఎదురుగా అమ్మ తాపీగా కరివేపాకు దూస్తోంది. అలాంటి చోట ఏడుపు నిలబడదు.

"ఇందాక మీ మావ ఫోను చేసేడు," అంది. "ఉద్యోగం కాయితాల మీద ఇయాలే సంతకం పెట్టాలంట. డ్యూటీకెల్తా నిన్ను ఆ ఆఫీసు కాడ దింపీమని మీ నాన్నకి చెప్పమన్నాడు."

"చెప్పేవా?"

"డ్యూటీకెల్లే మనిషికి ఎలా చెప్తానే?"

ఆమె ముఖంలోకి చూశాను. చట్టం పాటించిందో, నా పక్షం వహించిందో ఏమీ కనిపించలేదు. కరివేపాకు మాత్రం కనిపించింది. ఇంటర్వ్యూలో అప్పజెప్పిన జవాబు అప్పుడు అర్థమైంది. పరీక్ష అయిపోయాక జవాబు అర్థం కావడం నాకు కొత్త కాదు.

"మరి ఐదింటికి?" అన్నాను.

"నువ్వు డ్యూటీకెల్తన్నావేటి, నిన్నాపడానికి? నీకు తోచింది చెయ్యి. ఆయనకి తిన్నాక నేను చెప్తాను."

వస్తున్నానని రాసి పంపాను. పంపాక ఇంకో గంట తిరిగాను, కాళ్ళకు అలవాటైపోయి.

మర్నాడు టిఫినయ్యాక అమ్మ చెప్పింది. నాన్న గ్లాసు కింద పెట్టారు.

"నేను మాటిచ్చేనే. నాతో ఒక్క ముక్క అనలేపోయేరా?"

"డ్యూటీకెల్తన్నారు కదా," అంది అమ్మ.

ఇరవయ్యేళ్ళుగా తన క్షేమం కోసం నడుస్తున్న చట్టం. దాన్నేమనగలరు? గ్లాసులో మిగిలింది తాగేశారు. చివరికి నా వైపు తిరగకుండానే, "టాటానగర్‌లో నువ్వెక్కే రైలు ఎన్ని గంటలకి?" అన్నారు.

చెప్పాను. ఆలస్యంగా నడుస్తుందని కూడా చెప్పాను.

నాన్న లేచి నిలబడి అమ్మను అడిగారు.

"సరే. మరి మీ తమ్ముడికి ఎవుడు చెప్తాడు?"

అమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది.

"ఇయాల ఆడికి ఏ షిఫ్టు?"