నాన్న నవ్విన వాయిదా

తొంభైల చివరి సంగతి. ఎనిమిదో క్లాసుతో బడికి దండం పెట్టేసి, నేను తమిళనాడులోని సాత్తూరులో అగ్గిపెట్టెల పనికి పోతున్న రోజులు. అమ్మను వదిలేసిన నాన్న, నా పోషణ డబ్బు కట్టడానికి నెలకోసారి విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి కోర్టుకు వచ్చేవాడు. ఆయన్ని నేను చూసేది అక్కడే. మాటల్లేవు.

నాకు పద్దెనిమిదేళ్లు నిండగానే కేసు దానంతట అదే పోతుందనుకున్నాను. అలా పోదట. రద్దు చేయమని నాన్న పిటిషన్ వేస్తే మాకు నోటీసు వచ్చింది.

"ఆడ ఎగతాళి మాటలొద్దురా. అడిగినదానికి బదులు చెప్పు, సాలు," అంది అమ్మ.

"పద్దెనిమిది నిండాయా?" అని జడ్జిగారు తమిళంలో అడిగారు.

"వయసు నిండింది అయ్యా. బుద్ధికే ఇంకా వాయిదా పడతా ఉండాది."

కోర్టంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు వినడం నాకదే మొదలు. అచ్చం నా నవ్వే. అమ్మ ఉలిక్కిపడి ఆయన వైపు చూసింది.

"కేసు మూసేయడానికి అభ్యంతరం ఉందా?"

ఉందంటే వచ్చే నెల మళ్లీ కనిపిస్తాడేమో. లేదంటే ఇక రాడు. అమ్మ ముఖం చూసి, "లేదు," అన్నాను.

బయట నాన్న నా దగ్గర ఆగి, "బాగా నగిస్తావు నాయినా," అని బస్సెక్కాడు. మళ్లీ కనిపించలేదు.

ఇప్పటికీ నేను ఇంట్లో గట్టిగా నవ్వితే వంటింట్లో అమ్మ గరిటె చప్పుడు ఆగిపోతుంది. అందుకే అందరినీ నవ్విస్తాను గానీ, నేను నవ్వేది గడప దాటాకే.