ఒప్పుదల కాగితం మీద గాటు

దెయ్యాలూ భూతాలూ నేనెప్పుడూ నమ్మలేదు. మా నాన్న ఏలూరులో బడిపంతులు. ఇంట్లో శకునాల మాటెత్తితే చీవాట్లే. నర్సునయ్యాక శవాల గది పక్కనే కూర్చుని టీ తాగినదాన్ని. అయినా ఈ ఒక్క సంగతి నాకు ఈనాటికీ కొరుకుడు పడదు.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన రోజులవి. సికింద్రాబాద్‌లో మా ఆసుపత్రి కిటకిటలాడుతోంది. అల్వాల్ నుంచి మల్లమ్మను ఎడ్లబండి మీద తెచ్చారు. బట్టలుతికి బతికే మనిషి. పాదంలో పుండు కుళ్లి, నలుపు పైకి పాకుతోంది. కాలు తీయకపోతే ప్రాణం దక్కదన్నారు డాక్టరు గారు.

ఆమె ససేమిరా అంది. "కాలు లేకుంటే నీళ్లల్ల ఎట్ల నిలవడ్త నర్సమ్మా? సస్తే సస్త గానీ కొయ్యనియ్య. మా ఆయన్ని రానియ్యుండ్రి." భర్త వరంగల్ వెళ్లి, రైళ్లు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు.

ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర పడనిదే మా దగ్గర కత్తి ముట్టరు. మధ్యాహ్నానికి జ్వరం పెరిగింది. "ముందు మత్తివ్వండి, ముద్ర సంగతి తర్వాత," అన్నారు డాక్టరు గారు.

"పుండు కడగడానికేనమ్మా," అని అబద్ధమాడింది నేనే. ఆమె నమ్మింది. క్లోరోఫాం పట్టాక, సోయి లేని ఆ బొటనవేలిని సిరాలో అద్ది కాగితం మీద నొక్కిందీ నేనే. నా చేతులకు రబ్బరు తొడుగులున్నాయి. మణికట్టు దగ్గర పట్టుకున్నాను. ఆమె వేలికి సిరా మూడు రోజులుంది, నాకు చుక్క కూడా అంటలేదు.

కాలు తీసేశారు, మల్లమ్మ బతికింది. వారం తర్వాత భర్త వచ్చి, ఎవరు ఒప్పుకున్నారని నిలదీశాడు. డాక్టరు గారు కాగితం తీసి చూపించారు.

"నేనెప్పుడు ఏసిన?" అంటూ మల్లమ్మ తన వేలిని ముద్ర పక్కన పెట్టింది. ముద్రలో అడ్డంగా ఒక తెల్లటి గాటు ఉంది. ఆమె వేలికి లేదు.

నా బొటనవేలికి ఉంది. పదేళ్లప్పుడు కత్తిపీట మీద తెగింది.

"కాగితం మడత పడి ఉంటుందిలే," అని డాక్టరు గారు లోపల పెట్టేశారు. అక్కడ మడత లేదు. నేను కళ్లారా చూశాను. డాక్టరు గారు వెళ్లాక ఒక చిత్తు కాగితం మీద నా వేలిముద్ర వేసి, ఆ ఒప్పుదల కాగితం బయటికి తీసి పోల్చుకున్నాను. గీతకు గీత కలిసింది.

మరునాడు మల్లమ్మకు నా వేలు చూపించి, చేసిందంతా చెప్పి ఏడ్చాను. ఆమె తిట్టలేదు. ఆ గాటును తడిమి చూసి, "అయితే ఒప్పుకున్నది నువ్వు. నేను గాదు," అంది.

ఇంటికి వెళ్లేదాకా నా చేతి నుంచి మందు తాగలేదు.

ఆ ముద్ర ఎలా పడిందో నాకు తెలియదు. దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ తర్వాత నేను నర్సుగా ఉన్నన్నాళ్లూ, కళ్లు తెరిచి సరేనన్న మనిషి వేలు తప్ప మరొకరి వేలు పట్టుకోలేదు.