గట్టయ్య కొన్న సారు బండి

"నీకు మోటర్‌సైకిల్ ఎందుకే బావా? లెక్చరర్‌వైనవా ఏంది?" అని సత్తయ్య పకపకా నవ్వాడు.

తార్నాక చౌరస్తాలో రేకుల కొట్టు పెట్టుకుని బండ్లు బాగుచేసే సత్తయ్య, గట్టయ్యకు వరుసకు బావమరిది. ఎగతాళికి ఆ వరుస చాలు. గట్టయ్య మాత్రం నవ్వలేదు. "రైళ్ళు నడుస్తలేవు గదా" అన్నాడు.

ప్రత్యేక తెలంగాణ కావాలని పట్నం అట్టుడికిపోతున్న అరవై తొమ్మిదో సంవత్సరం అది. జనం పట్టాల మీద కూర్చున్నారు. బస్సులు డిపో దాటడం లేదు. ఆ కొట్లాట మీద గట్టయ్యకు కోపం లేదు, ఉండే వీలూ లేదు. యూనివర్సిటీ జియాలజీ డిపార్టుమెంటులో ఏళ్ళ తరబడి రాళ్ళ దుమ్ము తుడుస్తున్నా అతనింకా టెంపరరీ అటెండరే. ఆంధ్రా నుంచి వచ్చి తన కళ్ళముందు చేరినవాళ్ళు పర్మనెంటు అయ్యారు; వాళ్ళకూ టీలు మోశాడు. అందుకే ఊరేగింపు వెళ్ళినప్పుడల్లా ఖాకీ చొక్కాతోనే ముందు వరసలో నడిచి, గొంతు బొంగురుపోయేదాకా "జై తెలంగాణ" అని అరిచాడు.

అయితే ఆలేరు అవతల ఊళ్ళో అతనికి ఎకరం వరి ఉంది. బావి ఒక్కటే, దానికి పాలోళ్ళు చాలామంది. తలా ఒక రోజు మోట తోలుకునే వంతు. పట్నంలో నౌకరీ ఉన్నవాడని పెద్దమనుషులు గట్టయ్యకు ఆదివారం ఇచ్చారు. వంతునాడు మోట కట్టకపోతే ఆ నీళ్ళు పక్కవాడివి. అడగడానికి లేదు, అలగడానికీ లేదు. ఊళ్ళోనే ఉంటున్న భార్య లింగమ్మ ఎడ్లను తోలగలదు, మడికి నీళ్ళూ మళ్ళించగలదు, కానీ రెండు పనులూ ఒకేసారి ఒక్క మనిషి ఎట్లా చేస్తుంది? శనివారం మధ్యాహ్నం తను గది తీసుకున్న మౌలాలిలో రైలెక్కడం, ఆదివారమంతా మోట తోలడం, సోమవారం పొద్దున్నే వచ్చి డిపార్టుమెంటు తాళాలు తియ్యడం. పెళ్ళయినప్పటినుంచీ అతని బతుకు ఇదే. రైళ్ళు ఆగాక వరసగా రెండు వంతులు పోయాయి. వరి పొట్టకొచ్చింది. ఇట్లాగే సాగితే గింజ పట్టదు, అంతా తాలే.

సరిగ్గా అప్పుడే డిపార్టుమెంటు లెక్చరరు వెంకటేశ్వర్లు సారు బండి అమ్మకానికి వచ్చింది.

సారుది రాయలసీమ, ఆళ్ళగడ్డ వైపు. ఎప్పుడో మిలిటరీ వేలంలో దొరికిన రెండు సిలిండర్ల ఇంగ్లండు బండి ఆయనది. ఎర్రటి ట్యాంకు, వీపు నొప్పి పుట్టని వెడల్పు సీటు, దూరాలు పోవడానికే పుట్టినట్టుండే బండి. రాళ్ళ కోసం నల్లమలంతా దాని మీదే తిరిగాడు. హ్యాండిలు మధ్యలో అహోబిలం నరసింహస్వామి ఇత్తడి బిళ్ళ బిగించుకున్నాడు. బండి డిపార్టుమెంటు మలుపు తిరగకముందే దాని చప్పుడు విని పిల్లలు సిగరెట్లు ఆర్పేసేవారు. క్లాసులు బహిష్కరించిన రోజుల్లో కూడా సారు ఖాళీ బల్లల ముందు నిలబడి హాజరు పిలిచాడు. రానివాళ్ళందరికీ ఆబ్సెంటు వేశాడు. ఆ తరవాత ఆయన ఇంటి కిటికీ అద్దం పగిలింది. పెళ్ళాం బిడ్డలను ముందు పంపించి, తనూ తిరుపతికి పోతున్నాడు.

"యా పొద్దూ నన్ను దావలో ఇడిసిపెట్టలేదు గట్టయ్యా ఈ బండి" అన్నాడు సారు, సీటు నిమురుతూ. "ఇంకొకనికి ఇయ్యాలంటే మనసొప్పదు. నువ్వైతే తుడ్చి పెట్టుకుంటావు."

"గంత మంచిదైతే ఎందుకిడిసి పోతుండంట?" అన్నాడు సత్తయ్య ఆ మాట విని. అయినా బండి చూడడానికి వచ్చాడు. రాగానే ఇంజనుకు అరచెయ్యి ఆనించాడు. "సల్లగున్నది. మంచిది. ముందే వేడి జేసి పెట్టిన్రంటే లోపలేదో దాస్తున్నట్టు." కిక్కు కొట్టాడు. రెండో కిక్కుకు బండి గొంతు విప్పింది. తన తెల్ల తువ్వాలు సైలెన్సరు ముందు పట్టి చూశాడు. ఆయిలు మరక పడలేదు. చక్రాల పుల్లలు ఒక్కొక్కటే స్పానరుతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. చైను వేలితో ఎత్తాడు. తరవాత గట్టయ్యను వెనక కూచోబెట్టుకుని మౌలాలి గుట్ట కిందిదాకా పోయి వచ్చాడు.

"రెండో గేరు జర జారుతది. కేబుల్ తెగిందనుకో, కొత్తది దొరకది, నేనే చేసియ్యాలె. గంతే. ముసల్ది గని గుండె గట్టిది. తీస్కో." అని, గొంతు తగ్గించాడు. "ఒక్క మాటిను బావా. ట్యాంకుకు నల్లరంగు కొడ్త. ఆ బిళ్ళ పీకేస్త. సారు బండని పట్నమంత ఎర్కే."

"నేను పుట్టిందే యాదగిరి గుట్ట నర్సింహస్వామి మొక్కుకు. ఆయననే స్క్రూలిప్పి పీకమంటవా?"

"గాయన అహోబిలపాయన గదనే."

"ఏ గుట్ట మీదున్నా గాయననే గదరా!"

సత్తయ్య స్పానరు జేబులో పెట్టుకున్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. బజారు మాత్రం అట్లా అనుకోవడం లేదు. గేర్లను, చైనును తూచిన ఇద్దరూ బజారు అనుకునేదాన్ని సరిగా తూచలేదు; నల్లరంగు మాటా అక్కడే ఆగిపోయింది.

సైకిలు పోయింది, తల్లి ఇచ్చిపోయిన వెండి కడియాలు పోయాయి, బండి గట్టయ్యదయింది. క్లాసుల్లేని క్యాంపస్ రోడ్ల మీద పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. శనివారం మధ్యాహ్నం బయలుదేరి, పొద్దుగూకకముందే ఊరి వాకిట్లో దిగాడు.

"ఏందయ్యా ఇది, దున్నపోతు లెక్క ఒర్రుతున్నది!" అని లింగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. దిష్టి తీసి, బిళ్ళకు కుంకుమ పెట్టింది. తెల్లవారి మోట కట్టారు. ఎండిపోయి నెర్రెలు పారిన మడి బుసబుసమని నీళ్ళు తాగింది. గట్టున నిలబడ్డ పాలోడు రాజన్న మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఈ వంతూ తనకే వస్తుందని ఎడ్లను తోలుకొచ్చుకున్నాడు పాపం. "దొర పట్నంకెల్లి దిగిండు" అని సణిగి పోయాడు.

పైవారం ఘట్‌కేసర్ దగ్గర క్లచ్చి కేబులు తెగింది. ఇనుప తీగతో ముడేసి నడిపించుకుపోయాడు. ఆ వంతూ దక్కింది. గింజ పాలు పోసుకోవడం మొదలైంది. ఇంకొక్క తడి పడితే గింజ గట్టిపడుతుందని లింగమ్మ వెన్ను గిల్లి చూపించింది. "వచ్చే ఐతారం తప్పియ్యకయ్యా" అంది.

ఆ శనివారం తార్నాకలో గాలి కొట్టించుకుని చౌరస్తా దాటబోతుంటే గుంపు ఎదురైంది. ఎవరూ తెలిసిన మొహాలు కావు. గట్టయ్య బండి పక్కకు తీసి, పిడికిలి ఎత్తి "జై తెలంగాణ" అన్నాడు. వాళ్ళు అతన్ని చూడలేదు. బండిని చూశారు.

"అరె, గా హాజరు సారు బండిరా ఇది! బిళ్ళ జూడు!"

"సారు పోయిండన్నా. నేను కొనుక్కున్న" అన్నాడు గట్టయ్య.

"నువ్వా?" ఒకడు అతని ఖాకీ చొక్కా కాలరు పట్టుకుని చూశాడు. "అటెండర్‌వి, నీకు గింత బండి యాడికెల్లొచ్చెర? వాని సామాన్లు దాటేస్తున్నవా?"

"లేదన్నా, గుట్ట మీద ఒట్టు. ఊరికి వోవాలె. రేపు మోట వంతున్నది నాది. నేను గూడ మీతోనే నడిచిన, ఊరేగింపుల జైలు కాడిదాక వచ్చిన..."

ఆ మాట యాస విని ఒక పెద్దతను అడ్డం వచ్చాడు. "మనిషిని ఇడ్సిపెట్టుండ్రి, మనోడే. బండి మాత్రం వాళ్ళది."

ఆ న్యాయం అందరికీ నచ్చింది. గట్టయ్యను ఇద్దరు మర్యాదగానే పక్కకు పట్టుకున్నారు. ట్యాంకు మూత తీసి అగ్గిపుల్ల గీశారు. సత్తయ్య కొట్లోంచి తడి గోనెసంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి మంట సీటు దాటింది. ఎవరి కోసం అంటించారో ఆయన తిరుపతిలో చల్లగా ఉన్నాడు. ఎవరి నౌకరీల కోసం ఈ కొట్లాటో, కాలింది వాడి బండి.

కాసేపటికి హాస్టలు నాయకుడు లక్ష్మీనర్సయ్య వచ్చాడు. ఊరేగింపుల్లో గట్టయ్య చేతికి జెండా ఇచ్చినవాడు. "తప్పయింది గట్టన్నా. మా పోరగాండ్లు గాదు, ఎవరో బయటోళ్ళు. చందాలేసి కొత్తది కొనిద్దాం" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ మరునాడు అతన్ని అరెస్టు చేశారు. ఆ చందా మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

గట్టయ్య ఆగలేదు. ఉప్పల్ దాకా నడిచాడు. లారీలను చెయ్యెత్తి ఆపబోయాడు. గొడవలకు భయపడి ఒక్కటీ ఆగలేదు. మంట ఆర్పబోయి మసి పూసుకున్న మొహంతో ఉన్న మనిషిని ఎవరు ఎక్కించుకుంటారు? ఘట్‌కేసర్‌లో ఒక అరుగు మీద ఒరిగి, మళ్ళీ నడిచి, భువనగిరిలో ఎడ్లబండి పట్టుకుని, ఊరు చేరేసరికి ఆదివారం పొద్దు వాలింది. బావి దగ్గర రాజన్న మోట విప్పుతున్నాడు.

"మద్యాన్నం దాక జూసిన తమ్మీ" అన్నాడు, కళ్ళు కలపకుండా. "నీ పెండ్లాం గూడ వచ్చి బతిమిలాడింది. నా మడి గూడ ఎండుతున్నది గద."

గట్టయ్య ఇంటి దారి పట్టాడు. లింగమ్మ అతని మొహం, చొక్కా చూసింది. నీళ్ళు తోడి ఇచ్చింది.

ఆ ఎండకు మడి ఓర్చుకోలేదు. వెన్ను తెల్లబడి నిటారుగా నిలబడింది. గింజ ఉంటే వంగేది. పైవారం లింగమ్మే బర్రెలను మేతకు పొలంలోకి తోలింది. పొలాన్ని రాజన్నకు పాలుకిచ్చి, తలుపుకు తాళం వేసి, మూట నెత్తిన పెట్టుకుని మౌలాలి వచ్చింది. క్యాంపస్‌లో కడుతున్న కొత్త హాస్టలుకు ఇటుకలు మోసే పని దొరికింది.

మొదటి ఆదివారం గట్టయ్య ఇంకా చీకటుండగానే లేచి కూర్చున్నాడు. పోవాల్సిన చోటేదీ లేదు.

"పండుకో" అంది లింగమ్మ. "ఇయ్యాల సెలవు గద."